చిన్న వెబ్ డిజైన్ ఆఫీసుకు నాస్ కొనాలా, ఏది కొనాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో రెండు గదుల ఆఫీసు మాది, మొత్తం ఆరుగురం. బట్టల షాపులు, ప్రైవేటు స్కూళ్లు, నర్సింగ్ హోములు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి కమీషన్ వ్యాపారులు, రామప్ప దారిలో గదులు అద్దెకిచ్చేవాళ్లు, వీళ్లందరికీ వెబ్‌సైట్లు చేసిపెట్టడం మా పని. నాస్ పెట్టి మూడేళ్లు దాటింది. అప్పటినుంచి కాజీపేట, కరీంనగర్, మంచిర్యాలలో ఇదే పని చేసుకునేవాళ్లు ఫోన్ చేసి తిప్పి తిప్పి అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికి అరగంట చెప్పే బదులు ఒకచోట రాసిపెడదామని మొదలుపెట్టాను, రాస్తుంటే పెరిగిపోయింది. ధరలు మాత్రం రాయలేదు, డిస్కుల రేట్లు టమాటా రేట్లలా మారుతున్నాయి.

అసలు నాస్ అంటే ఏంటన్నా? ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ లాంటిదేనా?

డిస్క్ అదే, తగిలించే చోటు వేరు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను ఒక లాప్‌టాప్‌కు పెడతాం, ఆ లాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లకే అది అందుతుంది. నాస్ అంటే రెండో నాలుగో డిస్కులు పట్టే చిన్న పెట్టె. లోపల దాని సొంత ప్రాసెసర్, ర్యామ్, ఎక్కువగా లినక్స్ ఉంటాయి. దాని వైరు రౌటర్‌కో స్విచ్‌కో పోతుంది, ఆఫీసులో అందరికీ ఒక ఫోల్డర్‌లా కనిపిస్తుంది, ఎవరికి ఏ ఫోల్డర్ తెరుచుకోవాలో మీరే చెప్పొచ్చు.

ఇది రాకముందు మా దగ్గర నల్లటి ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి టేబుల్ నుంచి టేబుల్‌కు తిరిగేది. "డిస్క్ ఎవరి దగ్గరుంది?" అని రోజుకు పదిసార్లు అరుపులు. లోగో ఫైలు "ఫైనల్", "ఫైనల్ కొత్త", "ఇదే ఫైనల్" అని మూడు పేర్లతో ఐదు చోట్ల ఉండేది.

గూగుల్ డ్రైవ్ ఉండగా ఇదెందుకు?

ఒక్కరో ఇద్దరో ఉండి, ఫిగ్మాలో డిజైన్ చేసి, కోడ్ గిట్‌హబ్‌లో పెట్టుకునేవాళ్లైతే నిజంగానే అక్కర్లేదు. ఆ పైసలతో మంచి మానిటర్ కొనుక్కోండి. నాస్ అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

ఫోటోలు, వీడియోలు మొదలైతే లెక్క మారుతుంది. కొత్తవాడ జంపఖానాల షాపు కోసం ఒక్క షూట్‌కు వెళ్లొస్తే 40 జీబీ రా ఫైళ్లు వస్తాయి. వాటిని క్లౌడ్‌లోకి ఎక్కించి, ఇంకొకళ్లు దింపుకుని, మళ్లీ ఎక్కించి చేస్తుంటే ఇంటర్నెట్ మొత్తం దానికే పోతుంది, పక్కన క్లయింట్‌తో వీడియో కాల్ తెగిపోతుంది. అదే 40 జీబీ ఆఫీసు లోపలి గిగాబిట్ వైరు మీద ఆరు నిమిషాల పని.

ఎన్ని టీబీలు తీసుకోవాలి?

కొనేముందు ఒక పూట కూర్చుని లెక్కపెట్టండి, ఇది ఎవరూ చేయరు. అందరి లాప్‌టాప్‌లలో ఉన్నది, ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఉన్నది, పెన్‌డ్రైవ్‌లలో ఉన్నది, క్లౌడ్‌లో ఉన్నది కాగితం మీద వేయండి. మేం వేస్తే 2.3 టీబీ వచ్చింది, అందులో సగానికి పైగా అవే ఫైళ్లు రెండోసారి మూడోసారి. ఏరేస్తే 1 టీబీ కూడా లేదు. ఆ తర్వాత ఏడాదికి ఎంత పెరుగుతోందో చూసి, నాలుగేళ్లకు సరిపడా తీసుకోండి. వెబ్‌సైట్ల పనికి, వీడియో ఎక్కువ లేకపోతే, 4 టీబీ చాలావరకు సరిపోతుంది.

డిస్క్ మీద 4 టీబీ అని ఉంటుంది, విండోస్‌లో 3.63 అని చూపిస్తుంది. మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది.

రెండు డిస్కుల పెట్టె తీసుకోవాలా, నాలుగుదా? రెయిడ్ ఏది?

రెయిడ్ అంటే పెట్టెలోని డిస్కులన్నింటినీ కలిపి ఒకటిగా వాడే పద్ధతి, పక్కనున్న అంకె అది ఏ రకమో చెబుతుంది. నా మాట: రెండు డిస్కులు, రెయిడ్ 1. ఒక డిస్క్‌లో ఉన్నది రెండో డిస్క్‌లో అచ్చంగా ఉంటుంది, ఒకటి పోయినా పని ఆగదు. రెండు 4 టీబీలు పెడితే మీకు దక్కేది 4 టీబీనే, "రెండోది దండగ కదా" అనిపిస్తుంది కానీ ఆ దండగే మీరు కొంటున్న వస్తువు.

నాలుగు డిస్కులతో రెయిడ్ 5 చేస్తే నాలుగు 4 టీబీలకు 12 దక్కుతుంది, ఒక డిస్క్ పోయినా తట్టుకుంటుంది. కానీ పోయినదాని చోట కొత్తది పెట్టాక మిగతా మూడూ గంటల తరబడి, ఒక్కోసారి రోజుకు పైగా చదువుతూ కూర్చోవాలి, ఆ టైంలో ఇంకొకటి పోతే మొత్తం పోయినట్టే. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు ఆలోచించుకోవచ్చు. రెయిడ్ 0 అని ఎవరైనా చెబితే వాళ్ల మాట మళ్లీ వినకండి, అందులో ఒక్క డిస్క్ పోతే రెండింటిలోదీ పోతుంది.

రెయిడ్ ఉందంటే బ్యాకప్ ఉన్నట్టే కదా?

కాదు. ఈ ఒక్క ప్రశ్న కోసమే ఇదంతా రాశాననుకోండి.

మా సంగతి చెబుతాను. నాస్ పెట్టిన నాలుగో నెలలో, కొత్తగా చేరిన తమ్ముడికి "జంపఖానాల ఫోల్డర్‌లో పాత డ్రాఫ్టులు తీసేయ్" అని చెప్పి నేను టీకి వెళ్లాను. వాడు లోపలి ఫోల్డర్ బదులు పై ఫోల్డర్ పట్టుకుని డిలీట్ కొట్టాడు. "ఇది శాశ్వతంగా పోతుంది, సరేనా?" అని విండోస్ అడిగింది, సరే అన్నాడు. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో డిలీట్ చేస్తే మన కంప్యూటర్ రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. నాస్‌లో దాని సొంత రీసైకిల్ బిన్ ఒకటి ఉంటుంది, అది మేం ఆన్ చేయలేదు. స్నాప్‌షాట్లు కూడా ఆన్ చేయలేదు. రెయిడ్ 1 తన పని తాను శ్రద్ధగా చేసింది: మొదటి డిస్క్‌లోంచి పోయింది రెండో డిస్క్‌లోంచి కూడా అదే క్షణంలో పోయింది.

వెబ్‌సైట్ హోస్టింగ్‌లో ఉంది కాబట్టి దొరికింది, లోగో క్లయింట్ వాట్సాప్‌లోంచి తీసుకున్నాం. పోయింది రెండు రోజుల షూట్, 1,400 ఫోటోలు. మళ్లీ తీద్దామని కొత్తవాడ వెళ్తే ఆ జంపఖానాల్లో సగం అప్పటికే అమ్ముడుపోయాయి, మిగతావి ఎగ్జిబిషన్‌కు ఊరు దాటాయి. మగ్గం ముందు కూర్చున్న పెద్దాయన నన్నే ఓదార్చాడు, "ఇంకోటి నేస్తం లే బిడ్డా, నెల రోజులాగు" అని. ఆ తమ్ముడిని తిట్టలేకపోయాను, తప్పు నాది.

రెయిడ్ డిస్క్ చెడిపోవడం నుంచి మాత్రమే కాపాడుతుంది. పొరపాటు డిలీట్, వైరస్, దొంగతనం, వరద, పిడుగు, వీటిలో ఒక్కదాన్నీ ఆపలేదు.

మరి బ్యాకప్ ఎలా పెట్టుకోవాలి?

పాత సూత్రమే, 3-2-1: మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల చోట్ల, ఒకటి ఆఫీసు బయట. మా దగ్గర ఇలా ఉంది. నాస్ మీద అసలు ఫైళ్లు, దాని మీదే గంటకొకసారి స్నాప్‌షాట్. స్నాప్‌షాట్ అంటే ఆ క్షణంలో ఫోల్డర్ ఎలా ఉందో గుర్తుపెట్టుకోవడం, మారిన భాగానికే చోటు తింటుంది కాబట్టి భయం లేదు. ఇది బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు ఉన్న పెట్టెల్లో దొరుకుతుంది, చవక మోడళ్లలో కొన్నింటికి ఉండదు, కొనేముందు స్పెసిఫికేషన్‌లో "స్నాప్‌షాట్" అనే ఒక్క మాట వెతకండి. రెండోది రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు. శనివారం సాయంత్రం ఒకటి నాస్ వెనక పెడతాం, కాపీ అయ్యాక అది మా ఇంటి బీరువాకు పోతుంది, వచ్చే శనివారం రెండోది వస్తుంది. రెండూ ఒకే రోజు ఆఫీసులో ఉండకూడదని నియమం. ఆ పాత నల్ల డిస్కే ఇప్పుడు అందులో ఒకటి.

మూడోది క్లౌడ్, ప్రతి రాత్రీ మారిన ఫైళ్లు మాత్రమే, ఎన్‌క్రిప్ట్ చేసి. అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి డేటా సెంటర్ రీజియన్లు ఉన్నాయి, కాబట్టి మన ఫైళ్లు దేశం దాటాల్సిన పని కూడా లేదు. మొదటిసారి ఎక్కించడానికి మాత్రం ఓపిక పట్టండి: 1 టీబీ, అప్‌లోడ్ 50 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు, ఎనిమిది మెగాబిట్లు ఒక ఎంబీ) ఉంటే దాదాపు 45 గంటలు. ఇంటర్నెట్ ప్లాన్‌లో డౌన్‌లోడ్ స్పీడ్ పెద్దక్షరాల్లో వేస్తారు, అప్‌లోడ్ ఎంతో విడిగా అడగండి.

ఏ డిస్కులు కొనాలి? మామూలు డెస్క్‌టాప్ డిస్క్ పెడితే పనిచేయదా?

పనిచేస్తుంది, కొంతకాలం. నాస్ రోజంతా ఆగకుండా తిరుగుతుంది, దాని కోసం చేసిన డిస్కులే తీసుకోండి: సీగేట్ ఐరన్‌వుల్ఫ్, వెస్టర్న్ డిజిటల్ రెడ్ ప్లస్, తోషిబా ఎన్300. పెట్టెకు తగ్గించి అయినా డిస్కులకు పెట్టండి.

చూడాల్సింది సీఎంఆర్ అని ఉందా లేదా. సీఎంఆర్ అంటే డేటా వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన ఉండేది. ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో డేటా వరుసలు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి, ఒక పెంకు మార్చాలంటే పక్కవి కూడా కదపాలి, అందుకే పెద్ద రాతపని పడితే నత్తనడక. రెయిడ్‌లో పోయిన డిస్క్ చోట ఇది పెడితే గంటల పని రోజులు పడుతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ అని చెప్పకుండా అమ్మినట్టు బయటపడి పెద్ద లొల్లి అయింది, ఆ తర్వాతే సీఎంఆర్ వాటికి "రెడ్ ప్లస్" అని పేరు పెట్టారు. కాబట్టి ఆ "ప్లస్" అలంకారం కాదు.

ఎస్‌ఎస్‌డీలు పెడితే ఇంకా స్పీడు కదా?

గిగాబిట్ వైరు సెకనుకు 110 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, మామూలు హార్డ్ డిస్కే పెద్ద ఫైళ్లకు అంతకంటే ఎక్కువ ఇస్తుంది. సందు ఇరుకైనప్పుడు కారు పెద్దదైతే ఏం లాభం.

ఏ కంపెనీ పెట్టె? పాత కంప్యూటర్‌నే నాస్ చేయొచ్చా?

సినాలజీ, క్యూనాప్ రెండూ తైవాన్ కంపెనీలు, అసుస్టర్ కూడా అక్కడిదే. సినాలజీ సాఫ్ట్‌వేర్ సులువు, కంప్యూటర్ల గురించి పెద్దగా తెలియని మా అకౌంటెంట్ మేడమ్ కూడా పాత ఫైల్ వెర్షన్ తనంతట తను వెనక్కి తెచ్చుకుంటుంది. అదే ధరకు క్యూనాప్‌లో హార్డ్‌వేర్ ఎక్కువ వస్తుంది, 2.5 గిగాబిట్ పోర్టులు తొందరగా దొరుకుతాయి. సినాలజీ 2025 ప్లస్ మోడళ్లకు తన డిస్కులో తను ఒప్పుకున్న డిస్కులో మాత్రమే పెట్టాలని షరతు పెట్టింది, కొనేవాళ్లు గొడవ చేశాక అదే ఏడాది అక్టోబర్‌లో తన నాస్ సాఫ్ట్‌వేర్ డీఎస్‌ఎం 7.3 అప్‌డేట్‌తో వెనక్కి తగ్గింది. కొనే ముందు ఆ మోడల్ పేజీలో ఏ డిస్కులు పడతాయో ఒకసారి చూసుకోండి.

పాత కంప్యూటర్ మీద ట్రూనాస్ గానీ ఓపెన్‌మీడియావాల్ట్ గానీ, ఈ నాస్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా వేసుకోవచ్చు, నేర్చుకోవడానికి చాలా బాగుంటుంది. కానీ నిజం చెప్పాలంటే అది మీ వారాంతాలు తింటుంది, మీరు పెళ్లికి వెళ్లినరోజే ఆగిపోతుంది, మిగతావాళ్లకు దాన్ని ముట్టుకోవడానికి భయం. కరెంటు లెక్క కూడా చూడండి: రెండు డిస్కుల నాస్ దాదాపు 20 వాట్లు, అంటే నెలకు 14, 15 యూనిట్లు. పాత డెస్క్‌టాప్ దానికి మూడు నాలుగు రెట్లు సులువుగా తాగుతుంది.

నాస్ పెట్టాం, కానీ నత్తలా ఉంది. డబ్బంతా దండగేనా?

ఒక పెద్ద ఫైలు కాపీ చేస్తూ విండోస్ చూపించే అంకె చూడండి. సెకనుకు 110 ఎంబీ చుట్టుపక్కల ఉంటే అంతా బాగున్నట్టు. సరిగ్గా 11 దగ్గర నిలబడిందంటే మీ లైను వంద ఎంబీపీఎస్‌లో ఇరుక్కుంది. 40, 50 మధ్య ఊగుతుంటే మీరు వైఫై మీద ఉన్నారు.

మాకు ఒకరోజు హఠాత్తుగా 11కి పడిపోయింది, 40 జీబీ కాపీకి గంట పట్టింది. పొద్దంతా సెట్టింగులు కెలికాం, నాస్ రీస్టార్ట్ చేశాం, రౌటర్ రీస్టార్ట్ చేశాం. సాయంత్రం స్విచ్ దగ్గర కూర్చుంటే ఒక పోర్టు లైటు మిగతావాటిలా ఆకుపచ్చగా కాకుండా నారింజ రంగులో వెలుగుతోంది. ఆ వైరు వెంట పోతే అది కిటికీ బయట నుంచి రెండో గదిలోకి వెళ్తుంది, అక్కడ కోతులు పట్టుకుని ఊగినట్టున్నాయి, పై తొడుగు చీలి లోపల ఒక సన్న తీగ తెగి ఉంది. గిగాబిట్‌కు వైరులోని ఎనిమిది తీగలూ కావాలి, వంద ఎంబీపీఎస్‌కు నాలుగు చాలు. అందుకే మిగతా నాలుగింట్లో ఒక తీగ తెగితే కనెక్షన్ పోదు, చప్పుడు లేకుండా వందకు దిగిపోతుంది. క్యాట్ 6 వైరు గోడ లోపలి నుంచి లాగించుకున్నాక మళ్లీ ఆ బాధ లేదు.

స్విచ్ కొనేటప్పుడు "గిగాబిట్" అని రాసి ఉందో లేదో చూడండి, ఊళ్లో షాపుల్లో వంద ఎంబీపీఎస్‌వి ఇంకా అమ్ముతున్నారు.

ప్రాజెక్టు ఫోల్డర్‌ను నాస్ మీదే తెరిచి కోడ్ రాయొచ్చా?

వద్దు. ఫోటోషాప్ ఫైళ్లు, ఫోటోలు నేరుగా తెరవండి, ఏం కాదు. కోడ్ మాత్రం లాప్‌టాప్ లోపలే ఉండాలి. నోడ్ మాడ్యూల్స్ (ప్రాజెక్టు వాడుకునే రెడీమేడ్ కోడ్) ఫోల్డర్ ఒక్కదాంట్లోనే పదివేల చిన్న చిన్న ఫైళ్లు ఉంటాయి. నెట్‌వర్క్ మీద ప్రతి ఫైలుకూ ఒకసారి అడిగి తెచ్చుకోవాలి, లాప్‌టాప్‌లో అరనిమిషం పట్టేది పది నిమిషాలు పడుతుంది. ఒకే ఫైలును ఇద్దరు తెరిచి ఒకరి పని ఒకరు చెరుపుకోవడం ఇంకో పరేషాన్. కోడ్ గిట్‌లో (ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే సాధనం) పెట్టండి, గిట్ రిపాజిటరీని కావాలంటే నాస్ మీద పెట్టుకోండి. వర్డ్‌ప్రెస్ సైట్ల బ్యాకప్‌లు మాత్రం రాత్రిపూట నాస్ తనే హోస్టింగ్ నుంచి లాక్కునేలా పెట్టాం, ఒక క్లయింట్ సైటు హ్యాక్ అయినప్పుడు పది రోజుల కిందటి కాపీ అక్కడే దొరికింది.

క్లయింట్ల వెబ్‌సైట్లు కూడా నాస్ మీదే హోస్ట్ చేస్తే హోస్టింగ్ డబ్బులు మిగులుతాయి కదా?

నర్సింగ్ హోము సైటు ఆగిపోయిందని రాత్రి పదకొండింటికి డాక్టర్ గారు ఫోన్ చేస్తే "సార్, మా వీధిలో కరెంటు లేదు" అని చెప్పడానికి సిద్ధమైతే చేయండి.

ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ కూడా కావాలా?

కావాలి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ టక్ మని మారే ఆ క్షణంలో ఫ్యాను, లైటు పట్టించుకోవు, నాస్ ఒక్కోసారి ఆగి మళ్లీ లేస్తుంది. ఏదో రాస్తున్నప్పుడు అలా ఆగితే, లేచాక రెండు డిస్కులూ ఒకేలా ఉన్నాయో లేదో మొదటి నుంచి చివరి దాకా పోల్చుకోవడం మొదలుపెడుతుంది, గంటల పని, అప్పటిదాకా అంతా నెమ్మది. మే నెలలో గాలిదుమారం వచ్చే సాయంత్రాలు ఒక వారంలో మూడుసార్లు అయింది మాకు.

600 వీఏ చిన్న యూపీఎస్ చాలు, కానీ దాని వెనక యూఎస్‌బీ పోర్టు ఉన్నది తీసుకోండి. ఆ వైరు నాస్‌కు కలిపితే బ్యాటరీ అడుగంటుతోందని యూపీఎస్ చెప్తుంది, నాస్ తనంతట తను పద్ధతిగా ఆగిపోతుంది. రౌటర్, స్విచ్ కూడా దాని మీదే పెట్టండి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి, అద్దె ఇళ్లల్లో చాలాచోట్ల మూడో పిన్ను పేరుకే ఉంటుంది.

ఎక్కడ పెట్టాలి? మా దగ్గర ఎండాకాలం ఎలా ఉంటుందో తెలుసు కదా.

తెలుసు. చాలా నాస్‌లకు కంపెనీ చెప్పే హద్దు చుట్టూ గాలి 40 డిగ్రీలు. మనకు మే నెలలో బయట 44, 45 ఉంటుంది, రేకుల గదిలోనో మూసిన అల్మారాలోనో ఇంకా ఎక్కువ. ఏసీ ఉన్న గదిలో, ఏసీ ఆపేశాక కూడా గాలి ఆడే చోట పెట్టండి. డిస్క్ ఉష్ణోగ్రత 50 దాటితే మెయిల్ వచ్చేలా సెట్టింగ్ ఉంటుంది, పెట్టుకోండి. ఆదివారాలు ఆఫీసు మూసి ఉన్నప్పుడే మాకు ఆ మెయిళ్లు వచ్చేవి, ఇప్పుడు ఏప్రిల్ నుంచి జూన్ దాకా శనివారం రాత్రి ఆపేసి సోమవారం పొద్దున ఆన్ చేస్తున్నాం. నెలకోసారి వెనక ఫ్యాను మీద దుమ్ము బ్రష్‌తో తీయండి.

నేల మీద మాత్రం పెట్టొద్దు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మా నాస్ నడుము ఎత్తు అరలో ఉంది. బయటి కాపీ ఇంట్లో పెట్టేవాళ్లు ఆఫీసూ ఇల్లూ ఒకే లోతట్టులో ఉన్నాయేమో కూడా చూసుకోండి, అలా అయితే ఊళ్లో అమ్మావాళ్లింట్లో పెట్టండి.

ఇంటి నుంచి నాస్‌లోకి ఎలా రావాలి? పోర్టు ఫార్వర్డ్ చేస్తే చాలంటున్నారు.

పోర్టు ఫార్వర్డ్ అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా నాస్‌లోకి రౌటర్‌లో దారి తెరవడం. అలా చేసినవాళ్లే మునిగారు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెల్లోకి దూరి ఫైళ్లకు తాళం వేసి 0.03 బిట్‌కాయిన్ అడిగింది, మరుసటి నెలలో అసుస్టర్ పెట్టెల మీద పడింది. 2014లో సినాలజీకీ ఇలాంటిదే వచ్చింది. కంపెనీ ఏదైనా కానీ, తలుపు బార్లా తెరిచిపెడితే ఒకరోజు ఎవరో వస్తారు.

టెయిల్‌స్కేల్ లేదా వైర్‌గార్డ్ వేసుకోండి, ఇవి వీపీఎన్‌లు, అంటే మీ లాప్‌టాప్‌కూ నాస్‌కూ మధ్య బయటివాళ్లు దూరలేని దారి వేస్తాయి. మన బ్రాడ్‌బ్యాండ్‌లలో చాలావాటికి సొంత ఐపీ అడ్రస్ ఉండదు, వందలమందికి ఒకటే పంచుతారు, అందుకని పోర్టు ఫార్వర్డింగ్ ఎలాగూ పనిచేయదు. టెయిల్‌స్కేల్‌కు ఆ ఇబ్బంది లేదు, పావుగంటలో పెట్టుకోవచ్చు. "అడ్మిన్" అనే పేరున్న ఖాతా ఆపేసి వేరే పేరుతో చేసుకోండి, రెండంచెల లాగిన్ పెట్టండి, అప్‌డేట్ వస్తే వారం దాటనీయకండి.

విండోస్ అప్‌డేట్ అయ్యాక నాస్ కనిపించడం మానేసింది!

విండోస్ 11లో 24హెచ్2 అనే అప్‌డేట్ వచ్చినప్పటి నుంచి ఇది ఎక్కువగా అడుగుతున్నారు. ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ ఖాతాతో లోపలికి పోనివ్వదు. దారి సులువే, నాస్‌లో ప్రతి మనిషికీ ఒక ఖాతా, పాస్‌వర్డ్ చేయండి. ఇంటర్నెట్‌లో చూసి రిజిస్ట్రీ మార్చి గెస్ట్‌ను మళ్లీ తెరవకండి, ఎస్‌ఎంబీ 1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతిని అసలే ఆన్ చేయకండి. 2017లో వన్నాక్రై రాన్సమ్‌వేర్ ఆ దారిలోంచే వచ్చింది.

మనిషికొక ఖాతా ఉంటే ఇంకో లాభం, ఎవరైనా మానేసినప్పుడు ఒక్క ఖాతా ఆపితే చాలు. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ ఉన్న ఆఫీసుల్లో మానేసినవాళ్లు ఏడాది తర్వాత కూడా వస్తూ పోతూనే ఉంటారు, వాళ్లకు దురుద్దేశం లేకపోయినా.

సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) వెళ్లి కొనాలా, ఇక్కడా, ఆన్‌లైన్‌లోనా?

మూడు చోట్లా రేటు అడగండి, తేడా రైలు చార్జీలకు మించి ఉంటేనే సీటీసీ. నేను పెట్టె ఆన్‌లైన్‌లో, డిస్కులు షాపులో కొన్నాను. డిస్క్ సీరియల్ నంబరును బిల్లు కట్టకముందే కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, వారంటీ ఇండియాకు ఉందా, ఎప్పటిదాకా ఉందో వస్తుంది. ఇంటికి తెచ్చాక డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే "స్మార్ట్" వివరాల్లో ఎన్ని గంటలు తిరిగిందో చూడండి, సున్నాకు దగ్గరగా ఉండాలి. 2025 మొదట్లో జర్మనీలో వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్కులను లెక్క చెరిపి కొత్తవని అమ్మినట్టు బయటపడింది, కాబట్టి అది చూస్తే చాలని కూడా అనుకోకండి, తెలిసిన షాపులోనే కొనండి. వీలైతే రెండు డిస్కులూ ఒకే రోజు తయారైనవి కాకుండా తీసుకోండి, కవలలు ఒకేసారి జబ్బుపడతాయి. జీఎస్టీ నంబరు ఉంటే బిల్లు దాని మీదే రాయించుకోండి, తర్వాత మార్చమంటే ఎవరూ మార్చరు.

బ్యాకప్ సరిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

వెనక్కి తెచ్చి చూస్తేనే. 2017 జనవరి 31న, ఊరందరి కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ చెరిపేశాడు. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయి, చూస్తే ఒక్కటీ సరిగా పనిచేయడం లేదు. ఆరు గంటల కిందటి కాపీ ఒకటి అదృష్టం కొద్దీ ఉండబట్టి బయటపడ్డారు.

మేం నెలకోసారి, మొదటి శనివారం, ఒక్కోసారి ఒక్కొక్కరికి పని ఇస్తాం: ఫలానా పాత క్లయింట్ ప్రాజెక్టును క్లౌడ్ కాపీ నుంచో బీరువా డిస్క్ నుంచో తెచ్చి నీ లాప్‌టాప్‌లో నడిపి చూపించు. రెండుసార్లు దొరికిపోయాం. ఒకసారి ఒక స్కూలు సైటుకు వాడిన తెలుగు ఫాంటు ఒకరి లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఇంకోసారి క్లౌడ్ కాపీ తెరవడానికి కావాల్సిన ఎన్‌క్రిప్షన్ తాళం నాస్ లోపలే దాచి ఉంది, అంటే ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసినట్టు. ఇప్పుడది కాగితం మీద రాసి మా ఇంటి బీరువాలో, ఇంకో కాగితం మా పార్ట్‌నర్ ఇంట్లో ఉంది.

చప్పుడు ఎక్కువగా ఉంటుందా? మాది ఒకటే గది.

ఉంటుంది కానీ అలవాటవుతుంది. పనిలో ఉన్నప్పుడు డిస్కులు సన్నగా గురగుర అంటాయి, స్టీలు అర మీద పెడితే ఆ కంపనానికి అర కూడా పాడుతుంది, కింద రబ్బరు ముక్కో పాత మౌస్‌ప్యాడో వేస్తే తగ్గుతుంది. ఎప్పుడూ లేని చప్పుడు, టక్… టక్… టక్… అని ఆగి ఆగి ఒకే వరసలో వస్తే మాత్రం చేస్తున్న పని వదిలేసి, ముందు ఆఖరి బ్యాకప్ ఏ రోజుదో చూడండి, ఆ తర్వాత డిస్క్ వారంటీ బిల్లు వెతకండి.